సముద్రానికి చీర

జనగామలో రైల్వే గేటు అవతలి కాలనీకి కొమురవ్వ గొంతు బాగా తెలుసు. పాలు పోసే అతనితో ఓ మాట, గోడ మీది పిల్లితో ఓ మాట, ఎవరూ దొరక్కపోతే నీళ్ల మోటారుతో ఓ మాట. బచ్చన్నపేట మండలంలోని సొంతూళ్లో ఏళ్ల తరబడి పత్తి చేలల్లో కూలీలను వెంటేసుకుని తిరిగిన మనిషి. చేనుకు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పత్తి ఏరేవాళ్లు పలకాల్సిందే. పెనిమిటి యాకయ్య పోయాక భూమి కౌలుకిచ్చి కొడుకు సంపత్ దగ్గరికి వచ్చేసింది. మనిషైతే వచ్చింది గానీ గొంతు మాత్రం చేనులోదే తెచ్చుకుంది. "జర మెల్లగ మాట్లాడే అమ్మా, క్లాసు చెప్తున్న" అని, ఫోన్లో పాఠాలు చెప్పే సర్కారు బడి పంతులు సంపత్ రోజుకోసారి మొత్తుకునేవాడు.

అంతటి గొంతూ కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలంలో పడిపోయింది.

జ్వరం అని తెలియగానే ఆమెను మేడ మీది ఒంటి గదిలో పెట్టారు. కోడలు సుమ అన్నం గిన్నె పై మెట్టు మీద పెట్టి, ఒక కేక వేసి దిగిపోయేది. సుమను ఏమీ అనడానికి లేదు. వండింది ఆమె, మందులు తెచ్చింది ఆమె, రోజూ మెట్లెక్కింది ఆమె. సంపత్ మాత్రం కింది మెట్టు దగ్గర నిలబడి "ఎట్లున్నదే?" అని అడిగేవాడు. అతని బడిలోనే పనిచేసే పంతులొకాయన అదే నెలలో దవాఖానలో పోయాడు. ఆఖరి చూపుకు కూడా ఎవరినీ రానివ్వలేదు. సంపత్‌ది పిరికితనం అనాలంటే ఆ నెల చూడనివాళ్లే అనాలి.

ఒక సాయంత్రం కొమురవ్వకు ఆయాసం పెరిగింది. ఇక తన పని అయిపోయిందనుకుంది. మంచంలోంచి లేవలేక, పడుకునే చేతులు జోడించింది. "తల్లీ, బతికి బట్ట కడితే ఇంటిల్లిపాదిని తోలుకొచ్చి సముద్రానికి చీర పెడత" అని మొక్కుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొమురవ్వ ఊరి చెరువుకు కాగితాల్లో వీరసముద్రం అని పేరు. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఊళ్లో ఎవరికీ లేదు. ఉత్త సముద్రం అంటారు. గొడ్లను తోలేది సముద్రానికే, బతుకమ్మలు వేసేది సముద్రంలోనే. వానాకాలం అది నిండి మత్తడి దుంకిందంటే, అంటే అలుగు పొర్లిందంటే, ఊరంతా కట్ట మీదికే, ఇళ్లకు తాళాలు పడతాయి. అలుగు మీంచి పొర్లే ఆ నీళ్లలో ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లి, కొత్త చీర వదులుతారు. చీర నీళ్ల వెంట జారిపోతే గంగమ్మ తీసుకున్నట్టే. కొమురవ్వ ఎరిగిన సముద్రం ఈ భూమ్మీద అదొక్కటే.

సుమది మానుకోట. ఆమెకు ఈ గొడవంతా ఏం తెలుసు? మెట్ల మీద అన్నం పెడుతూ తలుపు సందులోంచి ఆ మొక్కులో సగం విన్నది. కిందికి పోయి "అత్తమ్మ సముద్రం కాడికి పోవాలని కలవరిస్తుంది" అని చెప్పింది. సంపత్ ఐదో తరగతికే ఊరు విడిచి హాస్టల్‌కు పోయినవాడు. సముద్రం అనగానే అతనికి మ్యాపులోని నీలం రంగే గుర్తొచ్చింది. కింది మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పుట్టి బుద్ధెరిగిన కాడికెంచి మా అమ్మ ఇది కావాలని ఒక్కటి అడగలే" అన్నాడు.

కొమురవ్వ బతికింది. గొంతూ కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. కానీ ఆమె కంచం, గ్లాసు మేడ మీది నుంచి కిందికి రాలేదు. కిందికి రావద్దని ఆమెతో ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. దిగి వచ్చి సోఫా చివర కూర్చుంటే సుమ కిటికీ తెరిచేది. మనవరాలు సాహితి అంతకుముందు ఈమె పక్కలో తప్ప నిద్రపోయేది కాదు. ఇప్పుడు గుమ్మంలోనే నిలబడి "నానమ్మా, గుడ్ నైట్" అని చెయ్యి ఊపి పోయేది. జబ్బు పోయింది కానీ జబ్బు కోసం ఏర్పాటు చేసిన దూరం ఇంట్లోనే ఉండిపోయింది. మేడ మీద పిల్లి కూడా లేదు మాట్లాడడానికి.

వానలు పడి, కేసులు తగ్గి, జనం మళ్లీ రోడ్లెక్కాక సంపత్ ఒకరోజు మెట్లెక్కి వచ్చాడు. అన్ని నెలల్లో అతను పైదాకా రావడం అదే మొదలు.

"అమ్మా, తయారుగుండు. ఐతారం బడి లేదు, నిన్ను సముద్రం తోలుకపోతున్న. బాపట్ల కాడ."

కొమురవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక "అయ్యో, గంత దూరమెందుకు బిడ్డా" అని ఏదో చెప్పబోయింది. "దూరం సంగతి నీకెందుకే? నువ్వు అడుగుడే ఎక్కువ" అని సంపత్ ఆ మాట పడనివ్వలేదు. అతని వెనకే సాహితి మెట్ల మీద గెంతుతూ "నానమ్మా, నీ కోసమే పోతున్నం, అందరం నీ కోసమే!" అంది. కింద సుమ బ్యాగులు దులుపుతోంది. ఎన్ని నెలలకో ఇంట్లో తన పేరు మీద సందడి. నోరు తెరిచి, కాదు బిడ్డా, నేనన్నది మన చెరువు అంటే ఆ సందడంతా చల్లారిపోతుంది. ఎన్నడూ మాట దాచి ఎరగని మనిషి ఆ ఒక్క మాట మింగేసింది. పెట్టెలోంచి ఎర్ర అంచు పచ్చ చీర తీసి, పసుపు కుంకుమ పొట్లాలతో సంచిలో పెట్టుకుంది.

సూర్యాపేట మీదుగా పోయారు. సంపత్ నడుపుతున్నాడు, పక్కన సుమ. వెనక సీట్లో ఆ కిటికీకి సాహితి, ఈ కిటికీకి కొమురవ్వ. ఇద్దరి మధ్య తిండి సామాను సంచి. డిక్కీలో బోలెడు చోటుంది. అయినా ఆ సంచి అక్కడే ఎందుకుందో కొమురవ్వకు తెలుసు, అందుకే అడగలేదు. కోదాడ దాటాక చెట్టు కింద ఆగి తిన్నారు. ఆమె పులిహోర వేరే డబ్బాలో కట్టి ఉంది, మీద జీడిపప్పు ఎక్కువే వేసి ఉంది. సుమ ప్రేమకు లోటు లేదు. దగ్గరికి వచ్చి పెట్టే ధైర్యమే లేదు.

విజయవాడలో కృష్ణ కనిపించగానే కొమురవ్వ మాస్కు కిందికి లాగి "గిదేనారా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకు బాగుంది. అందుకని, తెలిసి కూడా, గుంటూరు కాలువ దగ్గర మళ్లీ అడిగింది.

అసలు సముద్రం ముందు నిలబడ్డాక ఆమె మాస్కు పూర్తిగా తీసేసింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

"దీనికి కట్ట ఏదిరా?"

"సముద్రానికి కట్ట ఉండదే అమ్మా."

"మరి మత్తడి?"

"అది కూడ ఉండదు. గిది ఎన్నడు నిండదు."

ఎన్నడూ నిండని నీళ్లకు పండగ ఎప్పుడు చేస్తారు పాపం, అనుకుంది కొమురవ్వ. వచ్చిన పని వచ్చినట్టు చెయ్యాలి గదా. చీర మడత విప్పి, పసుపు కుంకుమ చల్లి, మోకాళ్ల లోతు దాకా పోయి వదిలింది. చీర కొంచెం దూరం పోయింది. వెనక వచ్చిన అల దాన్ని చుట్టచుట్టి తెచ్చి ఆమె కాళ్ల మీదే పడేసింది. మళ్లీ వదిలింది, మళ్లీ తెచ్చింది. మొక్కజొన్న పొత్తులు కాల్చే అతను చూసి "అలా కాదండి పెద్దమ్మగారూ, ఈవిడ ఏమిచ్చినా ఉంచుకోదండి, ఒడ్డుకు నెట్టేస్తది" అని నవ్వాడు. ఆ మాట సరదాకి అన్నదే. కొమురవ్వ మాత్రం నవ్వకుండా తడి చీరను ఒడ్డుకు లాగింది.

సాహితి కేరింతలు కొడుతూ వచ్చి చీర రెండో కొస పట్టుకుంది. నానమ్మా మనవరాలూ కలిసి పిండారు. పిండుతుంటే ఆ చిన్న వేళ్లు ఈమె వేళ్ల మీద పడ్డాయి. పిల్ల తీసెయ్యలేదు. కొమురవ్వ కదలకుండా నిలబడింది.

"సాహితీ, ఇటు రా ముందుగాల!" ఒడ్డు మీంచి సుమ కేక. పిల్ల పరిగెత్తింది. సుమ శానిటైజర్ తీసి పిల్ల చేతులకు రుద్దింది. ఇసుక అంటిందని రుద్దిందో, మరి దేనికి రుద్దిందో. కొమురవ్వ సముద్రం వైపు తిరిగి ఆ ఉప్పు నీళ్లతోనే ముఖం కడుక్కుంది. చుట్టూ ఇంటిల్లిపాదీ ఉండగా, మేడ మీది గదిలో కూడా రానంత ఏడుపు అక్కడ వచ్చింది.

"మొక్కు తీరిందానే?" అని కారెక్కాక సంపత్ అద్దంలోంచి అడిగాడు. అతని ముఖం వెలిగిపోతోంది.

"మంచిగ తీరింది బిడ్డా. ఇగ నాకేం కావాలె" అంది కొమురవ్వ. తడి చీర డిక్కీలో ఉంది.

ఆ వారమంతా వాన. బచ్చన్నపేట వైపు చెరువులన్నీ దుంకుతున్నాయని పాలతను చెప్పాడు. వాన తెరిపిచ్చిన పొద్దున, సంపత్ బడికి పోయాక, సుమ బట్టలు ఉతుకుతుండగా కొమురవ్వ సంచి పట్టుకుని మెట్లు దిగింది. "కొట్టు దాకా పోయొస్త" అంది. బస్సెక్కింది. బచ్చన్నపేటలో దిగి ఆటో ఎక్కింది. కొట్టు దాకా అన్న మాట ఊరి దాకా పోయింది.

ఊరి వాళ్లు పండగ ముందు రోజే చేసి పోయినట్టున్నారు. కట్ట మీద కుంకుమ మరకలు, వాడిన బంతిపూలు తప్ప మనిషి లేడు. మత్తడి మాత్రం ఎవరున్నా లేకున్నా దుంకుతూనే ఉంది. కొమురవ్వ చీర బయటికి తీసింది. ఉప్పు నీళ్లకు అట్ట కట్టి, మడతల దగ్గర తెల్లటి చారలు తేలింది. దాన్ని చూసి నవ్వొచ్చింది. ఇంటిల్లిపాదిని తెస్తానని మాటిచ్చి ఒక్కతే వచ్చినందుకు సిగ్గూ వేసింది. "నేను తోలుకొస్తనన్న గానీ తల్లీ, వాళ్లే నన్ను తోలుకపోయిండ్రు, ఏం చెయ్యాలె" అని చెప్పుకుని, చీర వదిలింది. పచ్చ చీర బుగ్గలా ఉబ్బి, అలుగు అంచు దాటి, గబుక్కున కిందికి జారిపోయింది. తిరిగి రాలేదు.

అప్పుడే బొడ్లో ఫోను మోగింది.

"ఏడున్నవే అమ్మా? సుమ పరేషానైతుంది, కాలనీ అంత తిరుగుతుంది!"

"సముద్రం కాడున్న బిడ్డా."

సంపత్ గొంతు మెత్తబడింది, భయపడినట్టు. "సముద్రానికి మొన్ననే పోయినం గదనే. జరమొచ్చిందా అమ్మా? జర సక్కగ చెప్పు, ఎవలున్నరు పక్కన?"

కొమురవ్వ ఫోను చెవి నుంచి తీసి, చెయ్యి చాచి, మత్తడి వైపు పట్టింది. కొంతసేపు నీళ్ల మోతే మాట్లాడింది. మళ్లీ చెవికి పెట్టుకుంటే అవతల సంపత్ ఊపిరి వినిపించింది.

"గిది... మన మత్తడి గదానే? నాయిన నన్ను భుజం మీద కూసోబెట్టుకొని చూపెట్టింది." తర్వాత ఇంకా చిన్న గొంతుతో అడిగాడు. "నువ్వప్పుడు అన్న సముద్రం గిదేనా?"

"బాపట్లది కూడ మంచి సముద్రమే బిడ్డా. కాకపోతే అది చీర తీస్కోలే."

సంపత్ ఏడుస్తున్నాడు. పంతులు కదా, బడి వరండాలో ఎవరూ చూడకుండా ఏడుస్తున్నాడని గొంతు చెబుతోంది. "అమ్మా, చీర ఎయ్యకు. నేను బడి కాడికెంచి ఇంటికి పోయి, సుమను, పోరిని ఎక్కించుకొని వస్తున్న. జర ఆగు. అందరం కలిసి ఏద్దాం. ఎయ్యకే అమ్మా."

కొమురవ్వ మత్తడి కిందికి చూసింది. దూరంగా, వరి పొలాల మధ్య వాగు మలుపు దగ్గర, ఎర్ర అంచు ఒకసారి కనబడి మునిగిపోయింది.

ఇన్నాళ్లూ వాళ్ల కోసం అబద్ధాలాడింది. ఈ ఒక్కటి తన కోసం ఆడింది.

"ఎయ్యలే బిడ్డా, చేతులనే ఉంది. రాండ్రి" అంది, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని కట్ట మీద కూర్చుంటూ.