బోటు డ్రైవర్

దరఖాస్తులో ‘డ్రైవర్’ అన్న మాట కొట్టేయడానికి ఆయన ఒప్పుకోలేదు. నేనిచ్చిన పెన్నుతో దాని ముందు ‘బోటు’ అని మాత్రం చేర్చాడు.

వన్ టౌన్ నుంచి దువ్వాడ వెళ్ళే బస్సులో ఆయనది నా పక్క సీటు. యజమాని చేపల బోటు అమ్మేయడంతో పని పోయింది. గోదాముల్లో సరుకు ఎత్తి దించే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడపడం నేర్చుకుందామని శిక్షణకు దరఖాస్తు పెట్టాడు. నలభై అయిదేళ్ళు దాటితే తీసుకోరు. వచ్చే నెలతో ఆయనకు అవి నిండుతాయి. అనుభవం గడిలో డ్రైవర్ అని చూసి, లైసెన్సు నకలు ఏదని ఆఫీసువాళ్ళు కాగితం తిప్పి పంపారు. వేట బోటు నడిపేవాణ్ణి హార్బర్‌లో డ్రైవరనే పిలుస్తారని వాళ్ళకు తెలియదు. దాన్ని సరిచేసి మళ్ళీ ఇవ్వడానికే వెళ్తున్నాడు.

“సముద్రంలో లైసెన్సు ఎవుడడుగుతాడు బాబూ? సేపలడుగుతాయేటి?” అన్నాడు.

“బోటు పనివాడు అని రాయండి, గొడవ ఉండదు” అన్నాను.

“వల లాగీవోడూ పనోడే, వంట సేసీవోడూ పనోడే. నాను డ్రైవర్ని. ఎనమండుగుర్ని అట్టుకెళ్ళి, ఎనమండుగుర్నీ అట్టుకొచ్చినోణ్ణి.”

పత్రికలో ఇన్నేళ్ళూ వాళ్ళందరినీ మత్స్యకారులు అన్న ఒక్క మాటతోనే రాశాను. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను.

దువ్వాడలో ఆయన కాగితం నలగకుండా పట్టుకుని దిగాడు. గడువు ఆ సాయంత్రమే. దరఖాస్తు తీసుకున్నారో లేదో నాకు తెలియదు. ఆయన పేరు అడగలేదు.