తెర వెనక కూర్చున్నవాళ్లకి

దెయ్యాలూ భూతాలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊళ్లో కరెంటు ఏ వేళకొస్తే ఆ వేళకి మోటారు వెయ్యడానికి చీకట్లో గట్ల మీద ఒక్కదాన్నే నడిచి వెళ్లేదాన్ని. పాములకి భయపడ్డాను గానీ దెయ్యాలకి కాదు. కింద రాసింది చదివి నన్ను పిరికిదాన్ని అనుకుంటారేమోనని ఈ మాట ముందే చెబుతున్నాను.

ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో మా అమ్మాయి సుజాత దగ్గర ఉంటున్నాను. ఆదివారం పిల్లలకి తెలుగు నేర్పే క్లాసు ఒకటి ఉంది. మా మనవరాలు తన్వితో పాటు వెళ్లి వెనక కూర్చునేదాన్ని. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. అలా కూర్చుని కూర్చుని దాని పక్కనే నేనూ అఆలు దిద్దాను.

ఆ క్లాసుకి వచ్చే తల్లులు ఈమధ్య నన్ను అడుగుతున్నారు. "ఆంటీ, పోయినేడాది హాలోవీన్‌కి మీరు చెప్పిన ఆ పాత రాక్షసుడి సినిమా పేరేంటి? ఈసారి మా ఇంట్లో వేద్దామనుకుంటున్నాం" అని. మర్చిపోయానని తప్పించుకుంటున్నాను. నిజానికి మర్చిపోలేదు.

పోయిన హాలోవీన్‌కి, అదే ఇక్కడ పిల్లలు వేషాలు కట్టే దెయ్యాల పండక్కి, మా ఇంటి బ్యాక్‌యార్డ్‌లో పిల్లలకి సినిమా వెయ్యాలనుకున్నారు. ఫెన్స్‌కి కొంచెం ఇవతల తాడు కట్టి, దాని మీద తెల్ల దుప్పటి వేలాడదీసి, ప్రొజెక్టర్ పెట్టారు. ఏ సినిమా అన్నది మాత్రం తేలలేదు. ఇంగ్లీషువన్నీ పిల్లలు చూసేశారు. "భయం వెయ్యాలి, కానీ పక్కలు తడపకూడదు. అలాంటిది చెప్పండి" అని అందరినీ అడిగింది సుజాత.

ఈ ఇంట్లో టీవీ పెట్టుకోవాలన్నా నేను ఎవరో ఒకరిని అడగాలి. అలాంటిది, వాళ్లకి తెలియనిది నాకు తెలిసిన సందర్భం అదొక్కటే వచ్చింది. మా చిన్నప్పటి కొండరాకాసి సినిమా వెయ్యమన్నాను. పేరు తెలియదు. కథ చెప్పాను. మా అల్లుడు ఫోన్‌లో వెతికి, చేతిలో టీ చల్లారేలోపే పట్టేశాడు.

"అత్తయ్యా, ఇదేనా?" అని బొమ్మ చూపించాడు. అదే. నుదుటి మీద ఒంటికొమ్ము, నడుం దాకా జుట్టు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. దాని పేరు కూడా నాకు అప్పుడే తెలిసింది.

ఆ సినిమా నేను మా ఊళ్లో వేసిన టూరింగు సినిమా డేరాలో చూశాను. టికెట్టు కొనే స్తోమత లేదు. వెనక పక్క డేరా గుడ్డ ఎత్తి, పిల్లలం లోపలికి దూరి, తెరకి వెనక ఇసకలో కూర్చునేవాళ్లం. గుడ్డ తెర కాబట్టి బొమ్మ అటు కూడా కనిపించేది. కాకపోతే అంతా తిరగబడి ఉండేది. కుడిచేత్తో కత్తి పట్టినవాడు మాకు ఎడమచేత్తో పట్టేవాడు. పేర్లు కూడా తిరగబడి పడేవిట. అక్షరాలు రాని నాకు తేడా ఏం తెలుస్తుంది?

ఆ సినిమాలో నాకు బాగా గుర్తున్న చోటు ఒకటుంది. రాకాసి గుహలోకి వస్తాడు. మనిషి వాసన పసిగడతాడు. పాట ఉండదు, చప్పుడు ఉండదు. మెల్లిగా మా వైపు తిరుగుతాడు. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినవాళ్లకి కాసేపు ఏమీ కనపడదు చూడండి, అలా కళ్లు చికిలించి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తెర ఇవతల కూర్చున్న మా మొహాల్లోకి వెతుక్కుంటూ చూస్తాడు. కనుబొమ్మలు లేవు. కోపం కూడా లేదు. మేం చెప్పులు వదిలేసి పరిగెత్తాం. మర్నాడు మళ్లీ వెళ్లాం.

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పిల్లలకి కొమ్ము సంగతి చెప్పాను, మేకల్ని మింగుతాడని చెప్పాను. ఈ చోటు చెబితే సరదా పోతుందని దాచిపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం పిల్లలందరూ గడ్డిలో దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. తన్వికి అప్పటికి ఆరేళ్లు. సీతాకోకచిలుక రెక్కలు కట్టుకుంది. నేను దాని చెవిలో, "నువ్వు వెనక కూర్చుని చూడు బంగారం, అసలు మజా అక్కడే" అన్నాను.

"ఎందుకు అమ్మమ్మా?"

"నేనలాగే చూశాను."

అంతే, పాప్‌కార్న్ కప్పు పట్టుకుని దుప్పటి వెనక్కి పరిగెత్తింది.

గుహ సీను వచ్చింది. ఆ సినిమాని ముందు వైపు నుంచి చూడడం నాకు అదే మొదటిసారి. రాకాసి వచ్చాడు, వాసన పట్టాడు, తిరిగాడు. మాకు వీపు పెట్టి తిరిగాడు. నడుం దాకా జుట్టు, అంతే. ఇప్పుడు ఇటు తిరుగుతాడని చూశాను. తిరగలేదు. అలాగే నిలబడ్డాడు.

గుడ్డకి ఇటూ అటూ ఉండేది ఒకటే బొమ్మ. ఇటు వీపైతే అటు కూడా వీపే. కుడి ఎడమలు మారతాయి గానీ వీపు మొహం ఎలా అవుతుంది? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. మరి నేను చూసిన మొహం ఎక్కడిది?

మోకాళ్లు పట్టుకుని లేచి వెనక్కి వెళ్లేసరికి సీను అయిపోయింది. తన్వి ఏడవడం లేదు. కప్పు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"భయమేసిందా?" అన్నాను.

"లేదు. అమ్మమ్మా, అది నన్ను చూసింది. ఇలా."

చిన్న చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, కళ్లు చికిలించి చూపించింది. "దానికి ఐబ్రోస్ లేవు."

మర్నాడు పగలు గరాజ్ తలుపు వేయించి, అదే దుప్పటి కట్టించి, "ఆ ముక్క మళ్లీ వెయ్యి నాయనా" అని మా అల్లుణ్ని అడిగాను. తెర వెనక నిలబడి చూశాను. వీపే. మళ్లీ వేయించాను. వీపే. "గాలికి గుడ్డ ముడతలు పడుతుంది అత్తయ్యా, చిన్నపిల్లకి మొహంలా కనపడి ఉంటుంది" అన్నాడు. అయి ఉండొచ్చు. కానీ ఆ డేరాలో గుడ్డా ఈ పెరట్లో గుడ్డా ఒకేలా ముడతలు పడి, ఒకేలా చెయ్యి నుదుటికి పెట్టుకున్నాయా?

తర్వాత తన్వి వేలాడే గుడ్డ ఉన్నచోటికి వెళ్లడం మానేసింది. షవర్ కర్టెన్ పక్కకి లాగి ఉంచితేగానీ బాత్‌రూమ్‌లో అడుగుపెట్టదు. కిటికీ కర్టెన్లు తీసేసి గుడ్డ లేని పట్టీల బ్లైండ్స్ పెట్టించారు. సుజాత ఒకరోజు నా మీద విరుచుకుపడింది.

"ఎందుకు చెప్పావమ్మా ఆ సినిమా? చెప్పావు సరే, దాన్ని వెనక్కెందుకు పంపావు?"

కాసేపటికి తనే మళ్లీ అంది.

"నువ్వే చెప్పు దానికి, ఏమీ లేదని. నువ్వు చెప్తే నమ్ముతుంది."

చెప్పాను. తన్విని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నేనూ వెనకే కూర్చుని చూశాను కదా బంగారం, నాకెప్పుడూ దాని వీపే కనపడింది" అన్నాను. అది నా మొహం చాలాసేపు చూసింది. "ఓకే" అని ఒళ్లోంచి దిగిపోయింది.

దాని భయం తగ్గలేదు. నాతో చెప్పుకోవడం మాత్రం మానేసింది. కథ చెప్పమని అడగడం లేదు. తెలుగు క్లాసులో నా పక్కన కాకుండా ముందు వరసలో కూర్చుంటోంది.

మొన్న ఆ తల్లులు మళ్లీ సినిమా పేరు అడుగుతుంటే, తన్వి పక్కనున్న పిల్లకి ఏదో చెబుతోంది. నేను విన్నాను. "మా అమ్మమ్మకి అది కనిపించదు. నాకొక్కదానికే కనిపిస్తుంది" అంటోంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సినిమా వెయ్యమన్న తప్పు ఒక ఎత్తు. తన్వికున్న ఒక్క సాక్షిని నేనే. ఆ నేనే కాదన్నాను. దాన్ని ఒంటరిగా తెర వెనక వదిలేసి వచ్చాను.

ఆ మొహం ఎవరిదో, గుడ్డ వెనకకి ఎలా వచ్చిందో, ఎందుకలా వెతుకుతుందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా అందదు. దెయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. కానీ చూసింది చూడలేదని అనలేను.

తన్వి ఇప్పుడు తెలుగు చదువుతుంది. వేలు పెట్టుకుని, ఒత్తుల దగ్గర ఆగుతూ, మెల్లిగా చదువుతుంది. మీకంటే ముందు ఈ రాసింది దానికే ఇస్తాను. సుజాత కోప్పడుతుంది. పడనీ. ఇద్దరం కర్టెన్ లేని ఆ కిటికీ దగ్గర కూర్చుంటాం. ఈ ఆఖరి వాక్యం దాకా వచ్చేవరకు పక్కనుంచి లేవను.

నేనూ చూశాను బంగారం.