ఉబ్బిన అక్షరాలు

రాస్తున్నావా? నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో బాగుచెయ్యకు. ఇందాక మీ అక్క పెళ్లికి హాలు గుమ్మంలో పెట్టే బోర్డంటూ లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టావు చూడు, అక్కణ్ణించి మొదలుపెట్టు. ఆ అక్షరాలు చూడగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. నానబెట్టి మర్చిపోయిన శనగల్లా ఒక్కొక్కటీ ఉబ్బిపోయి, ఒకదానిమీద ఒకటి ఒరిగి, మూలనేదే లేకుండా. పైగా ఆ గులాబీ రంగొకటి. "బబుల్ ఫాంట్ అమ్మమ్మా, సో ప్లేఫుల్! అందరూ దాన్నే చూస్తారు" అన్నావు. చూస్తారు. డ్రైనేజీ మూత తీసినా చూస్తారు.

ఇలాంటివి నాకు కొత్త అనుకోకు. తెనాలిలో మీ తాతయ్య అక్కగారు, మా వదిన, వీధిలో ఎవరింట పెళ్లయినా థర్మోకోల్ అక్షరాలు తనే కోసేది. పెళ్లికూతురి పేరు, పెళ్లికొడుకు పేరు, మధ్యలో ఇంగ్లీషులో 'వెడ్స్'. థర్మోకోల్‌ని బ్లేడుతో కోస్తే ఆ కీచుమనే చప్పుడికి పళ్లు జివ్వుమంటాయి. ఆ తెల్లపూసలు పప్పులో, జడలో, మంచాల మీద. దులిపితే చేతికే అంటుకుంటాయి. ఆవిడకి మూలలు కొయ్యడం రాదు, మూల దాకా వచ్చేసరికి పలక పుటుక్కున విరిగేది. అందుకని అన్నిటినీ బొద్దుగా, గుండ్రంగా తిప్పేసేది. "చూడవే, ఒక్కటీ గుచ్చుకోదు" అని మురిసిపోయేది. వాటికి మైదా జిగురు పూసి మెరుపుపొడి చల్లేది. మూడోనాటికి ఆ మైదా పులిసి కంపు, దానికి చీమలు. నా పెళ్లికీ మగపెళ్లివారితోపాటు మోసుకొచ్చి కట్టింది. నా తలవెనక అవి ఉన్నాయనే ఆ పెళ్లి ఫొటో గోడకి తగిలించనివ్వలేదు నేను.

మీ అమ్మ పెళ్లికి రెండ్రోజుల ముందే వదిన పలకలు తెచ్చుకుని మా వరండాలో కూర్చుంది. అప్పటికి ఫ్లెక్సీలొచ్చేశాయి. నేను చెప్పాపెట్టకుండా వెళ్లి, సన్నగా నిటారుగా ఉండే అక్షరాలతో ఒకటి కొట్టించుకొచ్చి, ఆవిడ చూస్తుండగానే పందిట్లో కట్టించాను. "ఇంకెన్నాళ్లు వదినా ఈ రోత?" అన్నాను, ఇంటినిండా చుట్టాలుండగా. ఆవిడ బ్లేడు కింద పెట్టేసింది. అప్పటికి కోసినవి నాలుగక్షరాలు. వాటిని సంచిలో పెట్టుకుని, చీరమీద పూసలు ఒక్కొక్కటే ఏరి, వరండా తనే ఊడ్చి వెళ్లింది. ఆ తరవాత ఎవరింటికీ బ్లేడు పట్టలేదు. ఎవరైనా అడిగితే, "కళ్లు ఆనడం లేదమ్మా" అనేది. సూదిలో దారం మాత్రం నాకంటే ముందు ఎక్కించేది.

ఇప్పుడు నువ్వు మొహం చిన్నబుచ్చుకుని, "ఐదింటికి ప్రింట్‌కి పంపాలి, ఫాంట్ ఛేంజ్ చేసేయనా?" అంటున్నావు. మార్చకు. బాగుందని మాత్రం నాచేత అనిపించకు, రోతగానే ఉంది. ఈ దేశంకాని దేశంలో, పెళ్లి జరిగే ఆ మార్కమ్ హాల్లో దాని పక్కనే నిలబడి, వచ్చినవాళ్లందరికీ మా మనవరాలు చేసిందని చెప్తాను. ఇది కూడా రాసుకో. ఆ ఫ్లెక్సీ రెండెండలకే వెలిసిపోయింది, వదినా పోయింది, వరండాలో నేనన్న ఆ మాట మాత్రం ఇన్నేళ్లైనా రంగు తగ్గలేదు.