నీళ్ల గంట

మా బొగ్గుగనుల ఊళ్లో ఎండలు ముదిరాయని బడిలో నీళ్ల గంట పెట్టాం. గంట మోగితే పిల్లలూ టీచర్లూ అందరూ నీళ్లు తాగాల్సిందే. ఈ రోజు ఏడో తరగతి శ్రీజ సీసా ఎత్తి, పెదవులు మాత్రం తడుపుకుని మూత పెట్టేసింది.

"తాగుతలేవేందే?" అన్నాను.

"తాగితే బాత్రూముకు పోవాలె గద టీచర్. తలుపుకు గొళ్లెం లేదు."

గోడ మీద 'నీళ్లు బాగా తాగండి' అన్న పోస్టర్ అంటించింది నేనే!

గొళ్లెం బిగించే మనిషికి ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు. బడిలో వంట చేసే రాజవ్వ అంతవరకూ ఆగలేదు. పీట తెచ్చుకుని ఆ తలుపు ముందు కూర్చుంది. "పోర్రి బిడ్డలూ, నేనున్న గద!" అంది. శ్రీజ గటగటా సీసా ఖాళీ చేసింది.

ఇంటికొచ్చి సంచి తెరిస్తే నా సీసా నిండుగానే ఉంది. బడిలో నీళ్లు తాగకపోవడం నా అలవాటని ఇన్నేళ్లూ అనుకున్నాను. టీచరమ్మలూ, మీ సీసాల సంగతేంటి?