చెప్పులు ఇటు

మా బడిలో డ్రాయింగ్ సారుగా పనిచేసి రిటైరైన పెద్దాయన మొన్న ఎమ్మిగనూరులో పోయారు. కబురు ఆదోని బస్సు కండక్టరు తెచ్చాడు. నేను తెలుగు చెప్పేవాణ్ణి, స్టాఫు రూములో ఆయన పక్క కుర్చీ నాది. మనిషి ముక్కోపి. కుంచె కడగకుండా పెడితే పూటంతా మాట్లాడేవారు కాదు. అయినా ఆయన లేరంటే దిగులుగా ఉంది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు ఆదోనిలో వాడకం లేని పత్తి గోదాములో గీసిన బొమ్మల ప్రదర్శన పెట్టాం. దారి చూపే బోర్డులు రాయడం సారు పని. లోపల అడుగుపెట్టగానే ఆయన మొహం మారింది. గోడలకు పాత దూది పేరుకుని ఉంది. పైన అతుకులేసిన కరెంటు తీగలు వేలాడుతున్నాయి. ముందు తలుపు ఒక్క మనిషి పట్టేంత, వెనకది బండ్లు పోయేంత. జనం ముందు నుంచి వచ్చి వెనక నుంచి పోవాలని ఆయన పట్టు. ప్రతి మలుపులో ‘బయటికి దారి’ అని రాసి బాణం గుర్తు వేశారు. అక్షరాలు ముత్యాలే.

మొదటిరోజు ఒక్కరూ వెనక తలుపు వైపు పోలేదు. పటాల్లో దేవుళ్లున్నారు కదా, జనం గుమ్మంలోనే చెప్పులు విడిచి వచ్చారు. చూడటం అయ్యాక ఆ చెప్పుల కోసం వచ్చిన దారినే మళ్లారు. ఇరుకు తలుపు దగ్గర తోపులాట చూసి సారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

“ఈడ నిప్పు రగిలితే ఒకరిమీద ఒకరు పడి పోతారప్పా. నా బోర్డు సదివేదానికి ఎవరూ నిలబడరు.”

అపశకునం మాటలొద్దని నిర్వాహకులు కసిరారు. సారు వినలేదు. ఆ సాయంత్రమే బోర్డులన్నీ పీకించి, ఒక్కోదాని చోట ఒక జత చెప్పుల బొమ్మ వేసి, కింద ‘చెప్పులు ఇటు’ అని రాశారు. పక్కన ఉర్దూ, కన్నడం కూడా. గుమ్మంలో విడిచిన చెప్పులను బుట్టల్లో వెనక తలుపు బయటికి చేరవేయించారు. బోర్డు చూసి ఆలోచన చేయాల్సొస్తే అది బోర్డే కాదనేవారు. మర్నాటి నుంచి జనం ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు వైపు నడిచారు. సారు మాత్రం తీగల వైపే చూస్తూ, గాలి వాసన పడుతూ తిరిగేవారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆయన భయపడ్డ కాలిన వాసన రానే వచ్చింది. చూస్తుండగానే గోడ మీది దూది అంటుకుని పొగ కమ్మింది. జనమంతా చెప్పుల బొమ్మ వెంట పరుగెత్తారు. ఆ పూట బొమ్మలు చూడటానికి వచ్చిన మా ఆవిడ ఆ పొగలోంచే నడిచి వచ్చింది. ఆయన రుణం నేను తీర్చుకోలేనిది. మంటలు ఆర్పి గోదామంతా వెతికాం. లోపల ఎవరూ చిక్కుకోలేదు.

ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని పోయాక ఒక జత మిగిలింది. చిన్నవి, ఆడపిల్లవి, ఇంకా తోలు వాసన పోనివి. భయంతో వట్టికాళ్లతో ఇంటికి పోయుంటుందని నచ్చజెప్పాను.

“వస్తాదిలేప్పా, సెప్పుల కోసమన్నా వస్తాది,” అని సారు వాటి పక్కనే కూలబడ్డారు.

పొద్దు వాలింది. పైనుంచి బూడిద రాలుతూనే ఉంది. ఆయన ఆ చిన్న చెప్పుల మీద పడ్డదాన్ని పడ్డట్టు వేలితో తుడుస్తూ, రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నారు.