పటేల్ వ్యాగన్ కింది రెండు పిన్నులు

పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం. చెరుకు కోతలు జోరు మీదున్న రోజులు. నిజామాబాద్‌ల బోధన్ రోడ్డు మొదట్ల నా రేకుల షెడ్డు ఉండె. బోర్డు గిట్ల ఏం లేదు, మెకానిక్ నర్సయ్య అంటే అందరికి ఎరుకే. జీపు, లారీ, ట్రాక్టర్, ఏది తెచ్చినా కాదనకపోతుంటి. నర్సయ్య పని మంచి పని అని నలుగురు అంటుండె, నేను గూడ గట్లనే అనుకుంటుంటి. మనసు నిండ అనుకోనియ్యనోడు మాత్రం ఒకడుండె. వాని పేరు యూసుఫ్.

యూసుఫ్, నేను ఒక్క ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నోళ్లం. నేను ఎనిమిదేండ్లు చేసిన, వాడు నాలుగేండ్లే చేసిండు. ఉస్తాద్‌కు కండ్లు మసకవడి పని బంద్ పెట్టిన నాడు, తన పానాల పెట్టె తీస్కపోయి యూసుఫ్ చేతుల పెట్టిండు. నా భుజం మీద చెయ్యేసి, "నీకు చెయ్యి మంచిగున్నది బేటా" అన్నడు. చెయ్యి మంచిగుంటే పెట్టె నాకియ్యాలె గద. యూసుఫ్ బోధన్ పోయి షెడ్డేసుకున్నడు. నడుమ పదిహేను మైళ్లున్నా వాని పేరు ఎవరన్న తీస్తే నా కడుపుల భగ్గుమంటుండె. ఇప్పుడు ముసలోన్నయిన, దాచి ఏం చేస్త.

ఆ యేడు రాజారెడ్డి పటేల్ ఒక పెద్ద స్టేషన్ వ్యాగన్ తోలుకొచ్చిండు. బోధన్ అవతల ఆయనకు చెరుకు తోటలుండె. మిలిటరీ వేలంల కొన్న బండి అది, జీపుకు పెద్దన్న లెక్క ఎత్తుగ, పొడుగ్గ ఉంటది. వెనుక పరుపేసి మనిషిని పండవెట్టొచ్చు. ఆయన కొన్నది గూడ గందుకే. వాళ్లవ్వ భూమవ్వ బాయి గడ్డ మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నది. పదిహేను రోజులకోసారి నిజామాబాద్ దవాఖానకు తీస్కరావాలె. "ఎముక అతుకుతున్నది. ఈ నడుమ కదిలిందంటే ముసలామె ఇగ లేచి నడుస్తదని ఆశ పెట్టుకోకుండ్రి" అని డాక్టర్ ముందే చెప్పిండు.

బండికి రోగం ఒక్కటే, ఒరుగుడు. మూల తిరిగిందంటే పై డబ్బా మొత్తం ఒక పక్కకు వాలేది. వెనుక పరుపు మీద భూమవ్వ అటు దొర్లేది, ఇటు దొర్లేది.

"నర్సయ్యా, గిది బండా, పడవనా?" అన్నది అవ్వ, పండుకున్న కాడికెళ్లే తల లేపి. "పానం అరచేతుల వెట్టుకోని వస్తున్న బిడ్డా. ఏమన్న చెయ్యి."

"నాకు ఇడిసిపెట్టు అవ్వా" అన్న.

కమాన్లకు చెరి రెండు పట్టీలు ఎక్కువేసిన. కమాను అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు, బండి బరువంత దాని మీదనే. ఒరుగుడు జర తగ్గింది, ఎగురుడు డబల్ అయింది. మల్ల వచ్చినప్పుడు అవ్వ మొఖం పక్కకు తిప్పుకోని, "గీనికన్న ఎడ్లబండి నయం" అన్నది. వచ్చే విడత పటేల్ నా షెడ్డు కాడ ఆగకుంట సీద దవాఖానకు పోయిండు.

వాపస్ వచ్చేటప్పుడు ఆగిండు. "నర్సయ్యా, జర కిందికెళ్లి చూడు. బోధన్‌ల యూసుఫ్ చేసిండు" అన్నడు సంబురంగ.

వంగి చూసిన. ముందటి ఇరుసు కాడ స్వే బార్ ఒకటి బిగించి ఉన్నది. అంటే ఏం లేదు, రెండు చక్రాల నడుమ అడ్డంగ ఉండే ఉక్కు రాడ్డు. మూల తిరిగినప్పుడు బండి ఒక పక్కకు వాలవోతే గా రాడ్డు మెలివడి, వాలనియ్యకుంట పట్టుకుంటది. దాని రెండు కొసలు ఇరుసుకు కలిపే చిన్న కడ్డీలను ఎండ్ లింకులు అంటరు. యూసుఫ్ పెట్టిన రాడ్డు బొటనవేలంత సన్నం, ఏ పాత కారుదో. లింకులకు కింద బోల్టు గూడ లేదు. ట్రాలీకి తగిలించే పిన్నులుంటయ్ చూడుండ్రి, గసొంటివి పెట్టి క్లిప్పేసిండు. బోల్టుకు గతిలేదేమో పాపం అని లోపల లోపల నవ్వుకున్న.

"నిద్రవోయిన బిడ్డా, బండ్ల నిద్రవోయిన" అన్నది భూమవ్వ. "గా యూసుఫ్ చెయ్యి సల్లగుండ."

యూసుఫ్ చెయ్యి. ఆ పూట అన్నం సగమే తిన్న. నా ఇంటామె ఏమైందని అడిగితే పప్పుల ఉప్పెక్కువైందన్న. ఆమె నోట్లేసుకోని చూసి, "ఉప్పు సరిగ్గనే ఉన్నది, నీకే ఏదో ఎక్కువైంది" అన్నది.

నెలన్నర అయింది. వ్యాగన్ నా షెడ్డుకొచ్చింది. స్వే బార్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్షులు అరిగి టకటక మోగుతున్నయంట. యూసుఫ్ ఎక్కడికో చుట్టాలింటికి పోయిండని నా దగ్గరికి పంపిండు పటేల్. బుష్షులు మార్చు చాలన్నడు. డ్రైవర్ సాయిలు బండి ఇడిసిండు. సాయిలు మెత్తటి మనిషి, అడిగిందానికే జవాబు చెప్తడు.

నేను బుష్షులతోని ఆగుతనా? అప్పటికే హైదరాబాద్ పోయి, పాత ఇనుము బజార్ల ఒక లారీ రాడ్డు కొనుక్కొచ్చి పెట్టుకున్న. యూసుఫ్ దానికి డబల్ మందం. కొలిమిల కాల్చి, వంచి, మూడు దినాలు దాని మీదనే కూసున్న. కొత్త లింకులు గూడ గట్టి ఉక్కుతోని చేసిన. పిన్నులు గుంజేసి బోల్టులు పెట్టిన, నట్టు బిగించినంక బోల్టు కొసను సుత్తెతోని చితగ్గొట్టిన. గిట్ల చేస్తే నట్టు ఎన్నటికి ఊడి రాదు. నా పని మల్ల ఎవడు ఇప్పొద్దు, గదీ నా కత.

సాయిలు నిలవడి చూస్తుండె. "అన్నా, గా పిన్నులు ఉండనియ్యరాదు. మా బాటకు గవి..." అన్నడు.

"పిన్నులు గిన్నులు నాకు చెప్పకు సాయిలు. నువ్వు తోలు, నేను బిగిస్త."

సాయిలు పక్కకు జరిగిండు. పిన్నులు రెండు తుక్కు డబ్బల ఏసిన.

జానకంపేట దాక తోలిచూసిన. తారు రోడ్డు, అద్దం లెక్క. సీటు మీద నిండు చెంబు నీళ్లు పెడితే మూలల కాడ గూడ చుక్క ఒలకలేదు. అరవై స్పీడుల గూడ బండి బల్ల లెక్క పోయింది. ఇగ నా సంబురం చెప్పతరం గాదు. ఎంతసేపు యూసుఫ్ మొఖమే కండ్ల ముందట. వాడు గిది చూడాలె, చూసి కుళ్లుకోవాలె.

దవాఖాన దినం వచ్చింది. అవ్వను బండితోపాటే తెచ్చి అప్పటిదాక నిజామాబాద్‌లనే ఉంచిండ్రు, రిపేరు అయినంక బండి ఇంక ఊరికి పోలేదు. అవ్వను చూపించి వాపస్ పోయేటప్పుడు నేను గూడ బండెక్కిన. నీకేం పని అని పటేల్ అడిగితే, కొత్త రాడ్డు ఎట్ల పనిచేస్తదో చూడాలె అన్న. అసలు ముచ్చట ఏందంటే బండి యూసుఫ్ షెడ్డు ముందటికెళ్లి పోతది. గాడికి రాంగనే సాయిలుకు చెప్పి మెల్లగ తోలిపిచ్చిన. యూసుఫ్ ఒక లారీ కింద పండుకోని పనిచేస్తుండె, కాళ్లు తప్ప ఏం కనవడలె. నా కర్మ అనుకున్న. అయినా వెనుకకెళ్లి అవ్వ, "నర్సయ్యా, ఇయ్యాల అప్పటికన్న మంచిగున్నది బిడ్డా" అన్నది. గా మాట కోసం మూడు దినాలు కొలిమి కాడ మాడిన నేను. మీసం మీద చెయ్యేసుకున్న.

బోధన్ దాటి ఊరి బాట తిరిగినం. రెండు మైళ్ల బండ్ల బాట. రోజుకు ఎన్నో చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోతయ్, పైన కాలువ నీళ్లు. ఎడ్లబండి చక్రాలు కోసిన గాళ్లు మోకాలు లోతు. గాడ సాయిలు బండి ఆపి, తలుపు మీద చెయ్యేసి, నన్ను చూసి మల్ల చెయ్యి తీసిండు.

"ఏమైంది?" అన్న.

"ఏం లేదన్న. గీడ దిగి పిన్నులు గుంజెటోన్ని."

"గుంజి?"

"లింకులు పైకి కట్టేసి ఊరికి పోయేది. మల్ల తారు రోడ్డు ఎక్కంగనే పిన్నులు పెట్టెటోన్ని. అలవాటున ఆపిన."

నాకు గప్పుడే సమజైంది. స్వే బార్ రెండు చక్రాలను ఒకదానికొకటి ముడేస్తది. తారు రోడ్డు మీద అది మేలు. గాని ఒక చక్రం గాడిల దిగి, ఇంకోటి గడ్డ ఎక్కితే, ముడి ఉన్నందుకు రెండు తమ తోవ తాము పోలేవు. గుంజుకునే గుంజుడంత పైనున్న మనుషులకు తగులుతది. రాడ్డు ఎంత మందముంటే గంత గట్టి దెబ్బ. ఇంత తెలిసి గూడ పటేల్ ముందట తప్పైందని అననీకి నోరు రాలేదు.

"పోనియ్ సాయిలు, మెల్లగ పోనియ్" అన్న.

నూరు గజాలు గూడ పోలేదు. ఎడమ చక్రం గాడిల వడ్డది. బండి మొత్తం ఒక్కసారి అటు కొట్టి ఇటు ఇసిరింది. అవ్వ పరుపు మీదికెళ్లి జారి తలుపుకు కొట్టుకున్నది. "ఓ అవ్వా, సచ్చిపోతి" అని ఆమె ఒర్రిన ఒర్రుడు ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది.

బండి కింద దూరిన. చితగ్గొట్టిన బోల్టులు, పానా పెడితే జారుతున్నది. ఇనుము కోసే ఆక్సా బ్లేడు తేలేదు. పటేల్ అవ్వ తల ఒళ్లె పెట్టుకోని కూసున్నడు, నా దిక్కు చూడలేదు. తిట్టినా బాగుండనిపించింది. సాయిలు ఉరికిపోయి ఎవరిదో సైకిల్ అడుక్కోని బోధన్ పోయిండు. ఎవరి కోసం పోతున్నవని నేను అడగలేదు. బోధన్‌ల ఇంకెవరున్నరు.

యూసుఫ్ వచ్చిండు. సైకిల్ వెనుక ఉస్తాద్ పెట్టె. అవ్వ మూలుగుతనే ఉన్నది, నా కండ్లు మాత్రం మొదలు గా పెట్టె మీదనే వడ్డయ్. గసొంటి పాపిష్టి కండ్లు నావి.

వాడు కింద దూరి నా బోల్టులను వేలితోని తడిమి చూసిండు. "మస్తు గట్టిగ చేసినవ్ నర్సన్నా" అన్నడు. ఎగతాళి చేసినా నాకు నయముండు. నేను లింకు పట్టుకున్న, వాడు బ్లేడుతోని కోసిండు. చెమటలు కక్కుకుంట ఇద్దరం ఒకరి పక్కకు ఒకరం, ఉస్తాద్ దగ్గర బండ్ల కింద పండుకున్నట్టే పండుకున్నం.

"యూసుఫ్, గా పిన్నుల ఆలోచన నీకెట్ల వచ్చింది?" అని అడిగిన.

"నాకేడికెళ్లి వస్తది భాయ్. నేను గూడ మొదలు బోల్టులే పెట్టిన. మా బాట గిట్లుంటదని సాయిలు చెప్పిండు. గప్పుడు పిన్నులు చేసిన."

నాకు గూడ చెప్పవోయిండు సాయిలు. నేను నోరు మూపిచ్చిన. నీకు చెయ్యి మంచిగున్నది అన్న ఉస్తాద్, చెవి గురించి ఒక్క మాట అనకపోవుడు నాకు గా మట్టిల పండుకోని యాదికొచ్చింది.

ఎముక కదిలిందన్నడు డాక్టర్. నాలుగు నెలలకు భూమవ్వ లేచింది గాని, ఒక కాలు పొట్టిగ అతికింది. కట్టె పట్టుకోని, అడుగడుగుకు ఒక పక్కకు ఒరుక్కుంట నడుస్తుండె. బోనాల నాడు వాళ్లింటికి పోయి ఆమె కాళ్లు మొక్కిన. నా తల మీద చెయ్యి పెట్టి, "బండి ఒరగకుంట చేసినవ్, నన్ను ఒరగవెట్టినవ్. పోనీలే బిడ్డా" అని నవ్వింది. ఆమె నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

ఆ పొద్దు నుంచి ఏ బండి వచ్చినా మొదలు డ్రైవర్‌ను కూసోవెట్టి చాయ్ తాపిచ్చి, ఏ బాట మీద తిరుగుతవ్ అని అడుగుడు నేర్చుకున్న. రాడ్డు ఎంత మందమున్నదని కాదు, బాట దానికి పనికొస్తదా లేదా అన్నదే లెక్క. ఈ పనిల కొత్తగ దిగేటోళ్లకు నేను చెప్పే మాట గిదొక్కటే.

ఇంకో ముచ్చట మిగిలింది. పటేల్ వ్యాగన్‌కు మల్ల సన్నటి రాడ్డు, తుక్కు డబ్బలకెళ్లి తీసిన గవే పిన్నులు పెట్టిన. తర్వాత చెరుకు ఊర్ల జీపులన్నిటికి నేనే గసొంటి పిన్నులు చేసిచ్చిన. జనం దానికి నర్సయ్య పిన్ను అని పేరు పెట్టిండ్రు. ఒకనాడు యూసుఫ్ ఏదో సామాను కోసం నా షెడ్డుకొచ్చిండు. గోడకు దండ లెక్క తగిలేసిన పిన్నులు చూసిండు. ఒకటి తీసి, ఇటు తిప్పి అటు తిప్పి, మల్ల తగిలేసిండు. "పని మంచిగున్నది నర్సన్నా" అని పోయిండు. నేను నోరు తెరవలేదు. అప్పుడే కాదు, వాడు బతికున్నన్ని రోజులు తెరవలేదు. పేరు నాకొచ్చింది, మంట మాత్రం తగ్గలేదు.

గది నర్సయ్య పిన్ను కాదు. యూసుఫ్ పిన్ను.