మగ్గం గుంతలో నీళ్లు

గద్వాలలో నేను అద్దెకుంటున్న ఇంట్లో మేడ మీద వంటింటి సింకు, కింద మగ్గం గుంత సరిగ్గా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఇంటాయన ఆలోచించి అలా కట్టలేదు. ముందు కింది గదులు కట్టి నేతపనివాళ్లకు అద్దెకిచ్చాడు. కొంత కాలానికి వాటి మీద ఇంకో రెండు గదులు లేపాడు. పత్రిక ఉద్యోగం చాలించుకుని అచ్చంపేట నుంచి వచ్చి నేను వాటిలో దిగాను.

కింద ఉండేది భార్యాభర్తలు. ఆయన నేస్తాడు, ఆమె రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తుంది. ఆయనకు మాటలు తక్కువ. ఆ లోటు ఆమె తీరుస్తుంది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు, కోపం వచ్చినప్పుడు మధ్యలో ఒక కన్నడ మాట దొర్లుతుంది.

ఎండలు మండుతున్న రోజుల్లో ఒక పొద్దున ఆమె మెట్లెక్కి వచ్చింది.

"సారూ, మీరు పైన నీళ్లేమన్న ఒలకవోస్తున్నరా?"

"లేదక్కా. ఏమైంది?"

"జర కిందికొచ్చి సూడుండ్రి."

మగ్గం గుంతంటే నేలలో తవ్విన గొయ్యి. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని కాళ్లు అందులోకి దించి, పలకలు తొక్కుతూ నేస్తారు. గట్టి వానలకు గుంతల్లో నీరు ఊరి మగ్గాలు ఆగడం ఈ ఊళ్లో మామూలే. కానీ అది వానాకాలం కాదు. గోడ మీద పైనుంచి కింది దాకా నల్లటి తడి చార, గుంత అడుగున బురద. ఆయన గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర.

ఆ చీర సంగతి చెప్పాలి. నడుమంతా నూలు, అంచులు పట్టు. నేసేటప్పుడు ప్రతి వరుసలోనూ నూలునూ పట్టునూ అంచు దగ్గర ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి. రెండూ ఒకే బిగువులో ఉంటేనే ఆ పని సాగుతుంది. తడి గాలికి నూలు పోగుల గంజి మెత్తబడి అవి ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి, పట్టు మాత్రం బిగుసుకునే ఉంది. నేసిన మేర అంచు వెంబడి బట్ట ముడతలు పడింది.

"సావుకారి గుమాస్తా మొన్ననే ఒచ్చి సూసిపోయిండు" అంది ఆమె. "సోమారం దాంక మగ్గం ఆడకుంటే పడుగు ఇప్పి ఇంకొకరింట్ల ఏస్తడంట. ఒక్కసారి పడుగు ఇంట్లకెల్లి పోతే మళ్ల మనింటికి ఎందుకొస్తది సారూ?"

పడుగంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల వరుస. ఆ పోగులు సావుకారివి. నేసే చేతులు మాత్రమే వీళ్లవి.

నేను ఇంటాయనకు ఫోన్ చేశాను. వెనక వీధిలోనే ఉంటాడు కనుక వెంటనే వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గుంతలోకి కాకుండా గోడ వైపు చూశాడు.

"ఇల్లన్నంక జర చెమ్మ ఉండదా సార్?"

"గుంతలో నీళ్లున్నాయండీ."

"వీళ్లు నూలుకు గంజి వెడ్తరు గదా. గా తడే ఇది."

ఆమె ఊరుకోలేదు. "గంజి గోడకు వెడ్తమా అన్నా? మీ గోడకేమన్న చీర గట్టిస్తున్నరా?"

ఇంటాయన నవ్వలేదు. గోడకు ఇదివరకే తెల్ల రంగు వేయించాననీ, అది ఉబ్బితే గీకించి సిమెంటు పూయించాననీ, పైన వంటింట్లో టైల్స్ కూడా అందుకే అంటించాననీ చెప్పాడు. ఇంతకంటే ఏం చేస్తారు ఎవరైనా అన్నట్టు ముఖం పెట్టాడు. పైపుల పని చేసింది ఎవరని అడిగితే, సొంత బామ్మర్దే, పనిలో వంక పెట్టడానికి లేదు అన్నాడు.

నాకు కోపం మొదలైంది అప్పుడే. రంగు, సిమెంటు, టైల్స్. నీరు కనిపించిన ప్రతిసారీ దాని మీద ఏదో ఒకటి కప్పాడు. ఎక్కడ నుంచి వస్తోందని ఒక్కసారి కూడా వెతకలేదు. పత్రికలో ఉన్నన్నాళ్లూ కూలిన గోడల ముందు, కుంగిన రోడ్ల పక్కన నిలబడి ఇలాంటి వివరణలు రాసుకున్నాను. అప్పుడు రాసుకుని ఆఫీసుకు వెళ్లిపోయేవాణ్ని. ఇప్పుడు ఆ గోడ కింద ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

బామ్మర్దికి ఫోన్ చేశాను. మానవపాడులో పని నడుస్తోంది, సాయంత్రం వస్తానన్నాడు. రాలేదు. మళ్లీ చేస్తే వనపర్తిలో ఉన్నానన్నాడు. ఇంకోసారి చేస్తే నాగర్‌కర్నూలు దాటాను, రేపు కచ్చితంగా వస్తానన్నాడు.

"గిట్లనే పోతుంటే శ్రీశైలం గూడ సూసొస్తడు" అంది ఆమె. "ప్రసాదమన్న తెమ్మనుండ్రి సారూ."

నవ్వాను కానీ లోపల ఉడికిపోతూనే ఉన్నాను. సోమవారం దగ్గరికొచ్చేసింది. ఇక ఎవరి కోసమూ ఆగదలచుకోలేదు. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, సింకు మీది నల్లా విప్పాను. దాని వెనకాల పైపు గోడలోకి లోతుగా దిగబడి ఉంది. మొదట పైపులు వేసినప్పుడే నల్లా అందకపోతే, మధ్యలో ఒక ఇత్తడి ముక్క జోడించినట్టున్నారు. ఆ జోడింపు చోటే టైల్ వెనక సిమెంటు నల్లగా నాని ఉంది. ఉలి పెట్టి టైల్ పగలగొట్టాను. చప్పుడు విని ఆమె పైకి వచ్చింది.

ఇత్తడి ముక్కను తిప్పి బయటికి లాగాను. దాని మరల మీద టేపు లేదు. ప్లంబర్లు మరలకు చుట్టే ఆ పల్చటి తెల్ల టేపు, ఏ హార్డ్‌వేర్ దుకాణంలో చూసినా గల్లా పక్కనే డబ్బాలో ఉండేది, ఇక్కడ లేనేలేదు. దాని బదులు కుళ్లిన పోగుల ముద్ద. ఎరుపూ ఆకుపచ్చా కలిసి, పైన ఎప్పటిదో రంగు పూత. వేలితో నొక్కితే స్పాంజిలా నీరు కారింది.

ఆమె ఆ ముద్దను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో చూసింది.

"ఇవి నా పోగులే."

"ఏంటక్కా?"

"హౌదు సారూ, నావే. ఇంటాయన బామ్మర్ది పైన పని జేస్తున్నప్పుడు ఒచ్చి, 'అక్కా, ఒక గుప్పెడు తెగిన ఎస్టు పోగులియ్యి' అన్నడు. దేనికని అడిగిన. నల్లాకు సుట్టనీకి అన్నడు. మంచి పనే గదా అని ఏరి మరీ ఇచ్చిన."

ఈ ఊళ్లో ఇదొక అలవాటు. ఇనుప పైపుల కాలంలో అన్నిచోట్లా మరలకు జనపనార చుట్టి పైన రంగు పూసేవాళ్లు. ఇక్కడ జనపనారకంటే మగ్గాల దగ్గర తెగిన పోగులు సులువుగా దొరుకుతాయి. అడిగితే ఎవరూ కాదనరు. ఇనుప మరల్లో తుప్పూ రంగూ కలిసి గట్టిపడి ఎలాగో పని గడిచేది. ప్లాస్టిక్ పైపుకు నున్నటి ఇత్తడి ముక్క బిగించేచోట నూలు ఆగదు. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు నీటిని గుంజి గోడలోకి వదులుతుంది. ఆమె ఏరి ఇచ్చిన పోగులే నీళ్లను ఆమె భర్త కాళ్ల దగ్గరికి దించాయి.

ఆమె ముద్దను సింకులో విసిరికొట్టింది. "థూ! నా చేతులతోటే నా గుంతల నీళ్లు పోయించిండు గదా. దొరకనీ వాడు. వాని మెడకు సుడ్త ఈ పోగులు."

దుకాణానికి వెళ్లి టేపు తెచ్చాను. చుట్టబోతుంటే ఆమె లాక్కుంది.

"ఇటియ్యుండ్రి. పుట్టినకాడ్నుంచి సుట్టుడే నా పని."

చుట్టింది కూడా. ఎక్కడా మడత పడకుండా, మరల పల్లాలు కనిపించేంత బిగువుగా. ఇత్తడి ముక్కను పైపులో పెట్టి తిప్పడం మొదలుపెట్టగానే టేపంతా చింతపండు తొక్కులా ముడుచుకుని బయటికి వచ్చేసింది. కారణం కనిపెట్టింది ఆమే.

"మీరు తిప్పేది గిటు, నేను కండె సుట్టినట్టు గటు సుట్టిన. పోగయితే నా దిక్కే తిరుగుతుండె. ఇది మీ దిక్కు తిరగాలెనంట. దీని పొగరు సూడు."

రెండోసారి నల్లా బిగుసుకునే వైపే చుట్టింది. ముక్క బిగించాను. నల్లాకూ అలాగే చుట్టి బిగించాను. వాల్వు తెరిచి, జోడింపు కింద పాత దినపత్రిక కాగితం ఒకటి పెట్టాను. పత్రిక కాగితం మీద ఒక్క చుక్క పడినా దాగదు. మధ్యాహ్నం చూశాను, సాయంత్రం చూశాను. కాగితం పొడిగానే ఉంది.

అయితే నీరు ఆగినంత మాత్రాన గుంత ఆరదు. సోమవారం గుమాస్తా వచ్చేసరికి ఇంకా అడుగున చెమ్మ ఉంది. ఆమె భర్త గుంతలో ఇటుకలు పేర్చి, మీద గోనెసంచులు పరిచి, పలకలను కొంచెం ఎత్తి కట్టుకుని నేస్తున్నాడు. కాళ్లకు చోటు చాలక నడుము వంచి కూర్చోవాల్సి వస్తోంది. గుమాస్తా గుమ్మంలో నిలబడి మగ్గం చప్పుడు విన్నాడు. వంగి గుంతలో చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంక నీళ్లొస్తున్నయా?"

"రావు" అన్నాడు ఆయన. ఆ రోజు ఆయన నోట నేను విన్న మాట అదొక్కటే.

గుమాస్తా ముడతపడిన మేర వేళ్లతో పట్టి చూశాడు. ఈ చీర మొదటి రకం కింద పోదు, సావుకారికి నేనేం చెప్పాలె అని గొణిగాడు. పడుగు మాత్రం విప్పలేదు. దాని మీద రావాల్సిన మిగతా చీరలు ఇక్కడే నేయమని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె అతను సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి పోయి రాట్నం ముందు కూర్చుంది.

గోడ బాగా ఆరాక ఇంటాయన వచ్చాడు. తడి చారను అరచేత్తో తడిమి చూసి నా వైపు తిరిగాడు.

"నేను చెప్పలేదా సార్? ఎండలు గట్టిగ కొడ్తే అదే ఆరుతదని."

"అవునన్నా" అంది ఆమె, రాట్నం తిప్పుతూనే. "ఎండ మేడెక్కి, సారు వంటింట్ల నల్లాకు టేపు సుట్టిపోయింది."

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. పైకి వచ్చి పగిలిన టైల్ చూశాక మాత్రం గొంతు మారింది. అడగకుండా ఎట్ల పగలగొడ్తరు సార్, మా బామ్మర్ది ఎంత ముద్దుగ అతికిచ్చిండు అన్నాడు. కింద చెడిన చీర గురించి ఒక్క మాట లేదు. ఆ మనిషి నడుము గురించీ లేదు. పగిలిన టైల్ గురించి మాత్రం చాలాసేపు మాట్లాడాడు.

నేను అంతా విన్నాను. స్నానాల గదిలో పైపుల పని కూడా మీ బామ్మర్దిదేనా అని అడిగాను.

"వాడే జేసిండు. ఎందుకు?"

"ఆ గోడ కింద వాళ్ల పడుగు పోగులు పెట్టుకునే అర ఉంది. రేపు అది కూడా విప్పుతాను."

"మళ్ల టైల్స్ పగలగొడ్తరా?"

"అవసరమైతే పగలగొడతాను" అన్నాను.